దెబ్బల లెక్క, పెత్తనం లెక్క

ఆలుమగల మధ్య చెయ్యి ఎందుకు లేస్తుందన్న ప్రశ్నకు మనస్తత్వశాస్త్రం చాలా జవాబులే చెప్పింది. చిన్నప్పుడు ఇంట్లో చూసిందే పెద్దయ్యాక చేస్తారు అంది ఒక సిద్ధాంతం. కోపం పట్టలేకపోవడమే కారణం అంది ఇంకొకటి. తనను వదిలిపోతుందేమోనన్న భయమే కొట్టిస్తుంది అంది మరొకటి. కనికరమే లేని స్వభావంలో ఉంది అసలు కిటుకు అంది నాలుగోది. ఒక్కొక్కదాని వెనకా పరిశోధనలున్నాయి. ఒక్కొక్కదాన్నీ కాదనే పరిశోధనలూ ఉన్నాయి.

ఈ గందరగోళంలోకి 1995 మే నెలలో పన్నెండు పేజీల వ్యాసం ఒకటి వచ్చింది. రాసినవాడు పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో సామాజికశాస్త్రం చెప్పే మైకేల్ పి. జాన్సన్. అచ్చువేసింది 'జర్నల్ ఆఫ్ మ్యారేజ్ అండ్ ద ఫ్యామిలీ'. ఆ వ్యాసం కోసం ఆయన కొత్తగా ఒక్క ఇంటి తలుపూ తట్టలేదు, ఒక్క ప్రశ్నాపత్రమూ పంచలేదు. ఇతరులు పోగుచేసిన లెక్కల్నే మళ్ళీ చదివాడు. ఆ చదవడంలోనే ఉంది నేర్పంతా. ఒకదాన్నొకటి కొట్టిపారేస్తున్న సిద్ధాంతాల్లో ఏది ఏ ఇంటికి వర్తిస్తుందో తేల్చుకునే దారి దాంతో దొరికింది. ఆ పనితనాన్ని దగ్గరగా చూద్దాం.

రెండు లెక్కలు, ఇరవై ఏళ్ళ తగవు

న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ముర్రే స్ట్రాస్ 1970లలో ఆలుమగల తగవుల్ని కొలవడానికి ఒక ప్రశ్నల పట్టిక తయారుచేశాడు. దాని పేరు కాన్‌ఫ్లిక్ట్ టాక్టిక్స్ స్కేల్. పట్టిక కట్టడంలోనూ ఒడుపుంది. ఎంత అన్యోన్యంగా ఉండే జంటకైనా ఎప్పుడో ఒకప్పుడు మాటా మాటా వస్తుంది కదా అని మెత్తగా మొదలవుతుంది. అప్పుడు కూర్చుని మాట్లాడుకున్నారా అని అడుగుతుంది. తర్వాత తిట్టుకున్నారా, అలిగారా, ఏదైనా విసిరారా, నెట్టారా, చెంపమీద కొట్టారా, తన్నారా, కత్తో తుపాకో చూపించారా అంటూ మెట్టు మెట్టుగా పైకి వెళుతుంది. మీ ఇంట్లో హింస ఉందా అని మొహంమీద అడిగితే లేదనేవాళ్ళు కూడా ఈ వరసలో అడిగితే చెప్పేస్తారు.

1975లో స్ట్రాస్, రిచర్డ్ గెల్లెస్, సుజాన్ స్టైన్‌మెట్జ్ కలిసి అమెరికా అంతటి నుంచీ ఎంచిన 2,143 కుటుంబాల్లో ఈ ప్రశ్నలు అడిగించారు. లెక్క తేలాక చాలామంది నోరు వెళ్ళబెట్టారు. ఏడాది కాలంలో భార్యమీద చెయ్యి చేసుకున్న భర్తలు నూటికి 12.1 మంది. భర్తమీద చెయ్యి చేసుకున్న భార్యలు 11.6 మంది. దాదాపు సరిసమానం.

ఆ రోజుల్లోనే స్కాట్లాండ్‌లో రెబెకా డోబాష్, రస్సెల్ డోబాష్ వేరే దారిలో వెళ్ళారు. భర్తల దెబ్బలు పడలేక ఆశ్రయ గృహాలకు చేరిన 109 మంది స్త్రీలతో సుదీర్ఘంగా మాట్లాడారు. ఎడిన్‌బరో, గ్లాస్గో నగరాల పోలీసు, కోర్టు కాగితాలు తిరగేశారు. 1979లో వాళ్ళు వెలువరించిన పుస్తకంలో సరిసమానం అన్నదానికి తావే లేదు. కొట్టేది మొగుడు, తినేది పెళ్ళాం. అనుమానం, ఇంటిపని, డబ్బు: దెబ్బలకు ఇవే సాకులు. అసలు సంగతి ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లాలన్నదే.

ఇక రెండు పక్షాలు తయారయ్యాయి. ఆశ్రయ గృహంలో ఉన్నవాళ్ళను చూసి దేశం మొత్తానికి లెక్క కట్టడం ఏం శాస్త్రం అన్నారు సర్వేలవాళ్ళు. ఎవరు మొదలుపెట్టారో, ఎవరు తనను తాను కాపాడుకోవడానికి కొట్టారో, ఎవరికి పళ్ళు రాలాయో అడగని పట్టిక ఏం పట్టిక అన్నారు స్త్రీవాద పరిశోధకులు. ఎదుటివాళ్ళ కొలబద్దే తప్పని ఇద్దరి వాదన. పుస్తకాల్లో, సభల్లో, పత్రికల్లో ఈ తగవు ఇరవై ఏళ్ళు సాగింది.

ఏ గుమ్మంలో నిలబడి చూశారు

జాన్సన్ ఈ రంగంలోకి పక్కదారిన వచ్చాడు. అంతకుముందు ఆయన పరిశోధన అంతా కాపురాలు ఎందుకు నిలుస్తాయన్నదాని మీద. ఇష్టం ఉండి కలిసుండటం, ధర్మమనుకుని కలిసుండటం, వేరే దిక్కులేక కలిసుండటం అని బంధాన్ని మూడుగా విడదీసి చూపినవాడు ఆయన. బయటికి ఒకేలా కనబడేదాన్ని లోపలి కారణాన్నిబట్టి విడదీసే ఆ అలవాటే ఇక్కడా పనికొచ్చింది.

ఎవరి లెక్క తప్పు అని ఆయన అడగలేదు. ఎవరి లెక్క ఎక్కడ నిలబడి తీసింది అని అడిగాడు. మొగుడి అనుమతి లేకుండా ఫోనెత్తడానికి వణికే మనిషి, ముక్కూ మొహం తెలియని సర్వేవాళ్ళతో దెబ్బల గురించి మాట్లాడుతుందా? ఇంటిని గుప్పిట్లో పెట్టుకున్న మగవాడు వాళ్ళను గడప తొక్కనిస్తాడా? సర్వేల్లో జవాబివ్వడానికి ఒప్పుకోనివాళ్ళ సంఖ్య తక్కువేమీ కాదు. తప్పించుకున్న ఆ ఇళ్ళలోనే అత్యంత భయంకరమైనవి ఉండే అవకాశం ఎక్కువ. రెండోవైపు చూస్తే, ఏ అప్పు గొడవలోనో ఒకరినొకరు నెట్టుకుని, ఓ చెంపదెబ్బ పడ్డ జంట ఆశ్రయ గృహానికి వెళ్ళదు, పోలీసు స్టేషన్‌కీ వెళ్ళదు. అంటే ఒక్కో పరిశోధనకు ఒక్కో రకం కాపురాలు కనబడ్డాయి. కనబడనివాటి సంగతి ఎవరూ తలచలేదు.

ఇంతవరకు ఊహే. దాన్ని నిలబెట్టడానికి జాన్సన్ రెండు పక్షాల కాగితాలనూ పక్కపక్కన పెట్టాడు. ఆశ్రయ గృహాల్లోని స్త్రీలు చెప్పిన దాడులు సగటున వారానికి ఒకసారికి మించి ఉన్నాయి. దేశవ్యాప్త సర్వేలో దెబ్బలు తిన్నామన్న స్త్రీలకు ఆ సగటు ఏడాదికి ఆరుసార్ల దగ్గర ఆగింది. మొదటి గుంపులో దాడులు కాలం గడిచేకొద్దీ ముదిరాయి. రెండోదాంట్లో చాలావరకు ముదరలేదు, కొన్ని వాటంతటవే ఆగిపోయాయి. మొదటి గుంపులో ఆడవాళ్ళు ఎదురు తిరగడమే అరుదు. రెండోదాంట్లో ఇద్దరూ మొదలుపెట్టారు. ఒకే జబ్బు తక్కువగా ఒకచోట, ఎక్కువగా ఒకచోట ఉంటే ఇన్ని విషయాల్లో ఇలా తేడా రాదు. ఇవి రెండు వేర్వేరు జబ్బులు అన్నాడు జాన్సన్.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ వ్యాసంలోని మర్యాద. ఇరవై ఏళ్ళ తగవు తీర్చబోయినవాడు సాధారణంగా ఎవరో ఒకరి పక్షం పట్టి రెండోవాళ్ళ పనిని చెత్తబుట్టలో వేస్తాడు. జాన్సన్ ఒక్క అంకెనూ పారేయలేదు. స్ట్రాస్ అంకెలూ నిజమే, డోబాష్‌ల అంకెలూ నిజమే, వాటినుంచి తీసిన సాధారణ సూత్రాలే తప్పు అన్నాడు. తాను స్త్రీవాదినని దాచుకోకుండానే, తనకు నచ్చని ఫలితానికి కూడా దాని చోటు దానికి వదిలాడు.

ఒకే చెంపదెబ్బ

తేడా ఎక్కడుంది? దెబ్బ బరువులో లేదు. దెబ్బ చుట్టూ ఉన్న రోజువారీ బతుకులో ఉంది.

ఒక ఇంట్లో నెలాఖరు. చిట్టీ కట్టలేదని మాట మొదలై, మీ అమ్మ అంటే మీ నాన్న అని పెరిగి, అతను ఆమెను కొట్టాడు, ఆమె చేతిలోని గిన్నె విసిరింది. మర్నాడు ఇద్దరికీ సిగ్గేసింది. ఆమె ఎప్పటిలాగే ఆఫీసుకు వెళ్ళింది, తన జీతం తన ఖాతాలోనే ఉంది, సాయంత్రం అక్కకు ఫోన్ చేసి జరిగింది చెప్పుకుంది. ఇంకో ఇంట్లో కూడా ఒకే ఒక్క చెంపదెబ్బ, అదీ మూడేళ్ళ కిందట. కానీ ఆనాటి నుంచీ ఆమె ఫోన్ అతని దగ్గరే ఉంటుంది. ఏటీఎం కార్డు అతని జేబులో ఉంటుంది. కూరగాయలకు వెళ్ళి పది నిమిషాలు ఆలస్యమైతే లెక్క చెప్పాలి. పుట్టింటివాళ్ళు రావడం మానేశారు. మళ్ళీ కొట్టాల్సిన అవసరం అతనికి రాలేదు. ఒకసారి చూస్తే చాలు. స్ట్రాస్ పట్టిక గత ఏడాది గురించి అడిగితే రెండో ఇంటికి సున్నా వస్తుంది, మొదటి ఇంటికి రెండు పడతాయి.

రెండో ఇంటిది జాన్సన్ లెక్కలో పెత్తనపు హింస. అక్కడ కొట్టడం ఒక పనిముట్టు మాత్రమే. డబ్బు బిగపట్టడం, అయినవాళ్ళను దూరం చేయడం, పిల్లల్ని అడ్డం పెట్టుకోవడం, బెదిరించడం, నలుగురిలో చులకన చేయడం అన్నీ కలిసి ఒకే పనికి వస్తాయి. మొదటి ఇంటిది తగవులో పుట్టిన హింస. ఒక సందర్భం రాజేసింది, మాట చెయ్యిదాకా వెళ్ళింది. దాని వెనక ఎదుటిమనిషి బతుకంతా గుప్పిట్లో పెట్టుకోవాలన్న తలపు లేదు.

పెత్తనపు హింస ఆనవాళ్ళను జాన్సన్ గాల్లోంచి తీయలేదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ పట్టణంలో ఎలెన్ పెన్స్, మైకేల్ పేమర్, వాళ్ళ తోటివాళ్ళు 1984లో ఒక చక్రం బొమ్మ గీశారు. దెబ్బలు తిన్న స్త్రీలు గుంపులుగా కూర్చుని చెప్పుకున్న అనుభవాలనుంచి అది పుట్టింది. నడుమ ఇరుసులో అధికారం, అదుపు. చుట్టూ ఎనిమిది ఆకులు, ఒక్కో ఆకులో ఒక్కో ఎత్తుగడ. అంచున కట్టులా శారీరక, లైంగిక హింస. ఆ స్త్రీలు నోటితో చెప్పినదాన్ని లెక్కకు అందే ప్రశ్నలుగా మార్చడం జాన్సన్ వంతు.

పేర్ల విషయంలోనూ ఆయన మొండికేయలేదు. 1995లో పెత్తనపు హింసను పితృస్వామ్య ఉగ్రవాదం అన్నాడు, రెండోదాన్ని జంటల్లో మామూలుగా కనబడే హింస అన్నాడు. స్త్రీల జంటల్లో, పురుషుల జంటల్లో కూడా ఒకరు ఇంకొకరిని ఇలాగే చెరపట్టిన సందర్భాలుంటాయని గుర్తించాక, కారణాన్ని పేరులోనే ముందుగా తేల్చేయకూడదని మొదటి పేరు మార్చి ఇంటిమేట్ టెర్రరిజం అన్నాడు. మామూలు అంటే పర్వాలేదన్న అర్థం వస్తోందని రెండోదాన్నీ మార్చి సందర్భవశాత్తు పుట్టే హింస అన్నాడు. 2008లో ఆయన పుస్తకం వచ్చేనాటికి మూడోది కూడా స్థిరపడింది: పెత్తనపు హింసకు గురైన మనిషి తిరగబడి చేసే హింస. ఇద్దరూ పెత్తనం కోసం పోట్లాడుకునే నాలుగో రకం ఉన్నా బహు అరుదు.

పిట్స్‌బర్గ్ కాగితాల పరీక్ష

కొత్తగా విభజించడం ఎవరికైనా చేతనవుతుంది. దాన్ని పరీక్షకు పెట్టి నెగ్గించుకోవడం వేరు. జాన్సన్‌కు కావలసింది ఇద్దరి హింస గురించీ, ఇద్దరి పెత్తనం గురించీ ఒకే ప్రశ్నలు అడిగిన సమాచారం. పైగా అది సర్వే నుంచీ, కోర్టు నుంచీ, ఆశ్రయ గృహం నుంచీ కూడా వచ్చి ఉండాలి. అలాంటిది ఒకటి అప్పటికే ఉంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్రవేత్త ఐరీన్ ఫ్రీజ్ 1970లలో పెన్సిల్వేనియా నైరుతి ప్రాంతంలో 274 మంది స్త్రీలను ఇంటర్వ్యూ చేసింది. కొందరు ఆశ్రయ గృహంనుంచి వచ్చారు, కొందరు కోర్టుకెక్కినవాళ్ళు, మిగతావాళ్ళు అవే పేటల్లో ఉండే ఇరుగుపొరుగు స్త్రీలు.

బెదిరింపు, డబ్బుమీద అదుపు, పిల్లల్ని వాడుకోవడం, ఒంటరిని చేయడం వంటి ఏడు రకాల ఎత్తుగడలతో జాన్సన్ ఒక్కొక్కరి పెత్తనాన్నీ కొలిచాడు. ఎక్కువ పెత్తనం, తక్కువ పెత్తనం అని గుంపులు ఏర్పడ్డాయి. తర్వాత వేసిన అడుగు నాకు మొత్తంలోకీ అందంగా తోస్తుంది. ఒక మనిషి హింస ఏ రకమో తేల్చడానికి ఆ మనిషి ఒక్కడినే చూడకుండా, జోడీలో రెండోవారు ఏం చేస్తున్నారో కూడా చూశాడు. పెత్తనం చెలాయించని భార్య కొట్టిందనుకోండి. ఆమె భర్త పెత్తనం చేస్తూ కొట్టేవాడైతే ఆమెది తిరుగుబాటు. భర్త కూడా పెత్తనం లేనివాడైతే ఆమెది తగవులో పుట్టిన హింస. ఆమె చేసింది ఒకటే, రకం మారిపోయింది.

ఫలితం చూడండి. భర్తల హింసలో పెత్తనపు హింస వాటా ఇరుగుపొరుగు నమూనాలో నూటికి 11, కోర్టు నమూనాలో 68, ఆశ్రయ గృహం నమూనాలో 79. ఇరవై ఏళ్ళు పోట్లాడుకున్న రెండు పక్షాలూ ఏ ఏ గుమ్మాల్లో నిలబడి చూశాయో ఈ మూడు అంకెల్లో తేలిపోయింది. ఇక స్త్రీ పురుషుల సంగతి. పెత్తనపు హింస చేసినవాళ్ళలో నూటికి 97 మంది మగవాళ్ళు. తిరగబడిన హింసలో 96 మంది ఆడవాళ్ళు. తగవులో పుట్టిన హింసలో మగవాళ్ళు 56, ఆడవాళ్ళు 44. సర్వేల్లో ఎక్కువగా పడేది ఈ చివరిదే కాబట్టి స్ట్రాస్‌కు సమానంగా కనబడింది. చెయ్యి ఎత్తడంలో దగ్గరగా ఉన్నా గాయాలు అలా ఉండవు. బ్రిటిష్ మనస్తత్వశాస్త్రవేత్త జాన్ ఆర్చర్ 2000లో పదుల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా గాయపడినవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే.

తగవులో పుట్టిన హింస చిన్న విషయమని జాన్సన్ ఎక్కడా అనలేదు. అందులోనూ ప్రాణాలు పోతాయని, కొన్ని ఇళ్ళలో అది పదే పదే జరుగుతుందని ఆయన హెచ్చరిస్తూనే ఉన్నాడు. రకం వేరు అన్నాడంతే.

ఎవరి సిద్ధాంతం ఏ ఇంటిది

ఇప్పుడు మొదట చెప్పుకున్న మానసిక సిద్ధాంతాల దగ్గరికి రావచ్చు. వాటిలో చాలా వాటి చిక్కు ఒక్కటే. ఒక రకం కాపురాలను చూసి పుట్టి, అన్ని కాపురాలకూ వర్తిస్తామని బయల్దేరాయి.

లెనోర్ వాకర్ 1979లో రాసిన పుస్తకం తీసుకోండి. ముందు ఇంట్లో ఉద్రిక్తత పెరుగుతుంది, తర్వాత దాడి, ఆ తర్వాత కన్నీళ్ళూ క్షమాపణలూ కానుకలూ. మళ్ళీ మొదటికి. ఈ చక్రం ఎంతోమంది స్త్రీలకు తమ బతుకును అద్దంలో చూపింది. ఆమె 1984లో 400 మందికి పైగా స్త్రీల అనుభవాలతో దాన్ని సరిచూస్తే, ఉద్రిక్తత దశ జాడ 65 శాతం సందర్భాల్లో, క్షమాపణ దశ జాడ 58 శాతంలో కనిపించింది. ఇది మోసమూ కాదు, సార్వత్రిక నియమమూ కాదు. ఆమె మాట్లాడింది ఎక్కువగా పెత్తనపు హింసలో చిక్కినవాళ్ళతో. వాళ్ళలోనూ అందరికీ క్షమాపణ దక్కదు.

ఎంత చేసినా ఫలితం లేదని తెలిసిన ప్రాణి ప్రయత్నమే మానుకుంటుందని మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ 1967లో కుక్కలమీద చేసిన ప్రయోగాల్లో చూపించారు. వాకర్ దాన్ని దెబ్బలు తినే స్త్రీలకు అన్వయించింది. ఎడ్వర్డ్ గొండాల్ఫ్, ఎలెన్ ఫిషర్ 1988లో టెక్సస్ ఆశ్రయ గృహాలకు వచ్చిన ఆరు వేల మందికి పైగా స్త్రీల వివరాలు పరిశీలించి దానికి ఎదురు నిలిచారు. ఆ స్త్రీలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బంధువుల్ని, పోలీసుల్ని, వకీళ్ళను అడుగుతూనే ఉన్నారు. ముడుచుకున్నది సాయం చేయాల్సినవాళ్ళ చేతులు. జాన్సన్ పాత పరిశోధన ఇక్కడ పనికొస్తుంది: ఇష్టంతో ఉండటం వేరు, దిక్కులేక ఉండటం వేరు.

కొట్టేవాళ్ళ మనసు గురించిన పరిశోధనలూ ఇలాగే చక్కబడతాయి. ఎమీ హోల్ట్జ్‌వర్త్-మన్రో, గ్రెగరీ స్టూవర్ట్ 1994లో కొట్టే మగవాళ్ళను మూడు రకాలన్నారు. ఇంట్లో మాత్రమే, అదీ తక్కువగా కొట్టేవాళ్ళు ఒకరు. మనసులో స్థిమితం లేక, వదిలిపోతుందన్న భయంతో ఉడుంపట్టు పట్టేవాళ్ళు ఇంకొకరు. ఇంటా బయటా ఎవరినైనా కొట్టే కనికరంలేనివాళ్ళు మూడో రకం. మొదటివాళ్ళు తగవు హింసవైపు, తక్కిన ఇద్దరూ పెత్తనపు హింసవైపు అని జాన్సన్ జతచేశాడు. దాంతో విడిచిపోతుందన్న భయం గురించి కెనడా మనస్తత్వశాస్త్రవేత్త డొనాల్డ్ డటన్ చెప్పింది రెండో రకానికి సరిపోయింది, సంఘవ్యతిరేక స్వభావం గురించిన సిద్ధాంతం మూడోదానికి సరిపోయింది. ఒకదాన్నొకటి ఖండించాల్సిన అవసరం పోయింది.

నీల్ జేకబ్‌సన్, జాన్ గాట్మన్ ప్రయోగశాలలో జంటల చేత తగవు విషయం మాట్లాడించి మగవాళ్ళ గుండె వేగం కొలిచారు. తగవు ముదురుతున్నకొద్దీ కొందరి గుండె నెమ్మదించిందని చెప్పి, వాళ్ళను తాచుపాములతో పోల్చారు. ఆ పోలిక పత్రికలకు తెగ నచ్చింది. తర్వాత ఇతరులు అదే కొలిచి చూస్తే గుండె వేగంలో ఆ తేడా దొరకలేదు. దీని పక్కన పెట్టి చూస్తే జాన్సన్ ఎంపిక విలువ తెలుస్తుంది. ఆయన మనసు లోతుల్లో దొరికేదాన్ని ఆధారం చేసుకోలేదు. జీతం ఎవరి చేతికి వెళుతుంది, ఎవరితో మాట్లాడవచ్చు అనే పైకి తెలిసే సంగతులమీద కట్టాడు.

చిన్నప్పుడు చూసిందే పెద్దయ్యాక చేస్తారన్న సిద్ధాంతం కూడా ఈ వడపోతలో తేటపడింది. అన్ని రకాల హింసనూ కలిపేసి లెక్కిస్తే ఆ సంబంధం ఉందా అంటే ఉంది, అంతంతమాత్రం. రకాలు విడదీస్తే పెత్తనపు హింసతో ఆ సంబంధం గట్టిగా కనబడుతుంది, తగవు హింసతో చాలా తక్కువ.

తిరగబడటాన్ని విడిగా లెక్కించడం న్యాయస్థానాల్లోనూ అవసరమే. ఇంగ్లండ్‌లో కిరణ్‌జీత్ అహ్లువాలియా అనే పంజాబీ స్త్రీ పదేళ్ళ హింస తర్వాత 1989లో నిద్రపోతున్న భర్తకు నిప్పంటించింది. ముందు హత్యానేరం కింద యావజ్జీవం పడింది. 1992లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఏళ్ళ తరబడి దెబ్బలు ఆమె మనసును ఏం చేశాయో లెక్కలోకి తీసుకున్నాక హత్య కాని నరవధగా నేరం తగ్గి, ఆమె విడుదలైంది.

ఎక్కడ జారుతుంది

మెచ్చుకోవడమంటే లోపాలు దాచడం కాదు. ఎక్కువ పెత్తనం, తక్కువ పెత్తనం మధ్య గీత పిట్స్‌బర్గ్ అంకెల్లో స్పష్టంగానే పడింది. వేరే చోట్ల కొందరు పరిశోధకులకు అది గీతలా కాక వాలులా కనిపించింది. పైగా పిట్స్‌బర్గ్ అంకెలు భార్య ఒక్కతే చెప్పినవి.

ఇంకో ప్రమాదం వాడకంలో ఉంది. 2008లో జోన్ కెల్లీతో కలిసి జాన్సన్ కుటుంబ న్యాయస్థానాలవాళ్ళకోసం ఈ రకాలను వివరిస్తూ రాశాడు. మీది ఉత్త తగవు హింసేలే అని ముద్ర కొట్టి పిల్లల్ని చేతిలో పెట్టేస్తారేమో అన్న భయం స్త్రీల తరఫున పనిచేసేవాళ్ళకు కలిగింది. ఆ భయం న్యాయమైనదే. గంట మాట్లాడి రకం తేల్చేవాడికి, పైకి ఎంతో మర్యాదగా కనబడే పెత్తనం దొరకదు. ఏది ఏ రకమో తేలేదాకా పెత్తనపు హింసే అనుకుని జాగ్రత్తపడాలన్నది జాన్సన్ సలహా కూడా.

మన దగ్గరకొస్తే ఇంకో లోటు కనిపిస్తుంది. ఆయన చూసింది ఇద్దరి కాపురం. మన ఇళ్ళలో పెత్తనం మొగుడిది ఒక్కడిదే కాదు. అత్త, మామ, ఆడపడుచు, ఇంకా తీరని కట్నం బాకీ అన్నీ అందులో ఉంటాయి. 1983లో వచ్చిన 498-ఎ సెక్షన్ భర్తతోపాటు అతని బంధువులనూ అందుకే చేర్చింది. 2005 గృహహింస చట్టం మూడో సెక్షన్ శారీరక, లైంగిక హింసతో ఆగకుండా మాటలతో, మనసును నొప్పించి చేసేదాన్నీ, డబ్బు బిగపట్టి చేసేదాన్నీ హింసేనంది. ఆ చట్టం దెబ్బ చుట్టూ కూడా చూసింది.

మన సర్వేలో ఉన్నదే

జాన్సన్ పాఠం మనకు పరాయిది కాదనడానికి ఇంకో సాక్ష్యం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. అందులో భార్యలను అడిగే దెబ్బల ప్రశ్నలు స్ట్రాస్ పట్టికను కొంత మార్చి తీసుకున్నవే. అయితే మన సర్వే ఆయన కంటే జాగ్రత్తగా అడుగుతుంది. ఇంటికి ఒక్క స్త్రీనే, ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. ఎవరైనా వింటున్నారంటే ఆ భాగం ఆపేయాలి.

2019–21 సర్వేలో పెళ్ళయిన 18–49 ఏళ్ళ స్త్రీలలో భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నవాళ్ళు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, దేశం మొత్తంమీద 29.3 శాతం. భర్త కొట్టడానికి ముందే తాము చెయ్యి చేసుకున్నామన్నవాళ్ళు దేశంలో నూటికి నలుగురు. హింస ఎదుర్కొన్నవాళ్ళలో ఎవరినైనా సాయం అడిగినవాళ్ళు 14 మంది. ఏదో ఒక కారణానికి భార్యను కొట్టడం సబబే అన్న స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. ఈ అంకెలు పేపర్లలో వస్తాయి, నాలుగు రోజులు మాట్లాడుకుంటాం.

పేపర్లకు అంతగా ఎక్కనిది అదే సర్వేలోని ఇంకో వరస ప్రశ్నలు. వేరే మగవాళ్ళతో మాట్లాడితే మీ ఆయన అసూయపడతాడా? మీ నడతను శంకిస్తాడా? స్నేహితురాళ్ళను కలవనివ్వడా? పుట్టింటివాళ్ళతో రాకపోకలు తగ్గించాలని చూస్తాడా? ఎక్కడున్నారో ఎప్పుడూ చెప్పాలంటాడా? డబ్బు విషయంలో మిమ్మల్ని నమ్మడా? జాన్సన్‌కు పిట్స్‌బర్గ్‌లో దొరికిన సరుకే ఇది. పెత్తనం గుర్తులు పెరిగేకొద్దీ హింస కూడా ఎక్కువగా కనబడుతుందని సర్వే నివేదికలోని పట్టికే చూపుతుంది. రెండింటినీ కలిపి చదివితే 36.9 శాతం అనే ఒక్క ముద్ద రెండు మూడు రకాల కాపురాలుగా విడిపోతుంది. ఒక్కో రకానికి కావలసిన సాయం వేరు.

ఎందుకంటే మన దగ్గర కౌన్సెలింగ్ అంటే తరచుగా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి సర్దిచెప్పడమే. ఆలుమగలన్నాక గొడవలు రాకుండా ఉంటాయా, కాస్త నువ్వు తగ్గు, కాస్త నువ్వు ఓర్చుకో. తగవు హింస ఉన్న ఇంట్లో ఇది ఎంతో కొంత పనిచేయవచ్చు. కోపం అణచుకోవడం, తాగుడు మానడం, డబ్బు సంగతి మాట్లాడుకోవడం నేర్పవచ్చు. పెత్తనపు హింస ఉన్న ఇంట్లో అదే పద్ధతి ప్రమాదం. అతని ఎదుట ఆమె నిజం చెప్పలేదు. చెప్పిందా, ఇంటికెళ్ళాక దానికి వేరే లెక్క ఉంటుంది. అతనికి కోపం అణచుకోవడం కొత్తగా నేర్పనక్కరలేదు. ఆఫీసులో, బంధువుల ముందు రోజూ అణచుకుంటూనే ఉన్నాడు.

అందుకే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడానికి ముందు ఆమెను విడిగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, జీతం ఎవరి చేతిలోకి వెళుతుంది, పుట్టింటికి వెళ్ళాలంటే ఎవరు సరేననాలి, ఆయన ఇంటికొచ్చే వేళకు నీకెలా ఉంటుంది. ఎన్నిసార్లు కొట్టాడన్నది వీటి తర్వాత అడిగినా నష్టం లేదు. కారణాలు చెప్పే సిద్ధాంతాలు జాన్సన్ కంటే గొప్పవాళ్ళు చాలామంది రాశారు. ఏ సిద్ధాంతం ఏ ఇంటికి వర్తిస్తుందో తేల్చుకోవడానికి ముందు ఏం అడగాలో చెప్పింది మాత్రం ఆయన. అది తక్కువ పనిగా కనబడుతుంది. కౌన్సెలర్ ముందు కూర్చున్న మనిషిని తిరిగి ఇంటికి పంపాలా వద్దా అన్నది దానిమీదే ఆధారపడుతుంది.